పురుగులకు పడని పొగ

కుప్పం, 1984 ఆగస్టు

అమ్మకు దండాలు. ఇక్కడ మేమంతా బాగున్నాం. ఈసారి ఇంట్లో పట్టుపురుగులు మేపుతున్నాం. పురుగులకు పొగ పడదని పట్టు ఆఫీసరు అనగానే మా అత్త పొయ్యి తీయించి పంచలో వేయించింది. నెల తిరక్కుండా ఆమె ఏళ్లనాటి దగ్గు తగ్గిపోయింది. “నా రొమ్ములో పొగ ఉండాదని పురుగులొచ్చి చెప్పాల్సొచ్చె సూడు” అని నవ్వుతోంది.

నువ్వు రాసినట్టు నీ దగ్గు కూడా పెరుగు వల్ల కాదమ్మా, కిటికీ లేని ఆ వంటింటి పొగ వల్ల. పెరుగు మానొద్దు, పొయ్యి బయటికి మార్చు. పెరుగే వద్దని ఎర్రావును పుంగనూరు సంతకు తోలేశారా, ఇంట్లోనే ఉందా?

బయట వండితే దిష్టి తగులుతుందని నాయన ఒప్పుకోడు, నాకు తెలుసు. ఆయనకు నా దండాలు చెప్పు. “పొయ్యి యాల మారస్తాండావు?” అని అడిగితే మాత్రం నీ దగ్గు మాటెత్తొద్దు. పట్టుపురుగులు పెంచుదామని చెప్పు. తనే మట్టి తొక్కి పొయ్యి వేస్తాడు.

నీ బిడ్డ
కెంపమ్మ