వల లాగే కేక

మంగళవారం, మార్కండి

పాట కోసం నేను కట్టిన బీట్‌ను పొద్దున నేనే నెట్‌లో పెట్టుకుంటే మధ్యాహ్నానికల్లా తీసేశారు. దాని కాపీరైట్ నాది కాదట. పోయిన నెల దాన్ని కొన్న బడా బజార్ స్టూడియో ఓనరుదట.

వెంటనే బస్సెక్కి బరంపురం వెళ్లాను. ఓనరు నవ్వుతూ నేను సంతకం పెట్టిన కాగితం తీశాడు.

"బీటూ, అందులో గొంతూ, అన్ని హక్కులూ నాకే రాసిచ్చినావు కదా. సదువుకోలేదేటి?"

చదవలేదు. ఒక్క పాటకు వాడుకుంటానన్నాడు, నమ్మాను. మా ఒడ్డున చేపల బేరం నోటి మాట మీదే నడుస్తుంది. మాటిచ్చిన షావుకారి ముందు కాగితం చదివితే ఆయన్ని దొంగ అన్నట్టే. ఆ మర్యాదకు పోయి కళ్లు మూసుకుని సంతకం గీకాను. నా మర్యాద తగలెయ్య.

ఇంటికొచ్చి బీట్ పోయిందని నాన్నకు చెప్పాను. ఆయన వల కుట్టుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"అమ్మేసిన సేప మీద మనకేటి అదుపురా? ఇంకోటి సేసుకో."

ఇంకోటి ఎలా చేస్తాను? ఆ బీట్ మొదలయ్యేదే నాన్న గొంతుతో. వల లాగేటప్పుడు ఆయన పెట్టే కేకను ఫోన్‌లో పట్టి, దాని చుట్టూ డప్పు పేర్చాను. తన గొంతు పాటలో వస్తుందని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాడు. కాగితంలో ఆ గొంతు కూడా రాసిచ్చేశానని ఆయనకు చెప్పలేకపోయాను.

తెల్లారితే ఒడ్డున అదే కేక పెడతాడు. ఆయన వెనకాలే నిలబడి, ఏమీ ఎరగనట్టు, నేను తాడు లాగాలి.