కింది అరలో కొవ్వొత్తి

అక్టోబర్ 22, ఆదివారం

మా ఆయన విదోయె పడవ ఇబర్ నదిలో బోర్లాపడి దొరికి నేటికి ఇరవై రోజులు. ఆయన దొరకలేదు. రెస్క్యూ వాళ్లు వెతకడం ఆపేశారు.

అత్తయ్యతో జిచా మఠానికి వెళ్లాను. ఆవిడ పై అరలో, బతికున్నవాళ్ల వరసలో, కొడుకు పేరున కొవ్వొత్తి పెట్టింది. నేను వంగి కింది అరలో, పోయినవాళ్ల ఇసుకలో గుచ్చాను. ఆవిడ చూసింది. అందరి ముందూ నా కొవ్వొత్తి పీకి, వేళ్లతో నలిపి ఆర్పేసింది. "ఏమే స్టానా, నది చంపని నా కొడుకుని నువ్వు చంపుతావా?" అంది.

బస్‌లో వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

అక్టోబర్ 23

ఆయన పోవాలని నాకుందా? లేదు. కానీ తొందరగా ఉంది. నలభై రోజులు ఆత్మ ఇక్కడిక్కడే తిరుగుతుంది. నలభయ్యో రోజున దాని దారి తేలుతుంది. ఆ రోజు ఫాదర్ ప్రార్థనలో పేరు చదవకపోతే ఒంటరిగా పోవాలి. మా ఆయన నేలమాళిగలోకి కూడా ఒక్కడే దిగేవాడు కాదు, నన్ను పిలిచేవాడు.

నవంబర్ 11. అంతే టైమ్.

అక్టోబర్ 29, ఆదివారం

బేకరీ డ్యూటీ అయ్యాక ఒక్కదాన్నే మఠానికి వెళ్లి సిస్టర్ అనీసియాని అడిగాను, శవం లేకపోతే ఎలా అని. పోయినవాళ్ల చీటీలో పేరు రాసిస్తే చాలట, భార్య రాసినా చదువుతారట. "మరి మీ అత్తగారో?" అని కూడా అడిగింది.

చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఆవిడకి తెలియకుండా రాస్తే దొంగతనం చేసినట్టే ఉంటుంది. మడిచి పర్సులో పెట్టాను.

నవంబర్ 4, శనివారం

పోయినవాళ్ల శనివారం. ప్రతి ఇంట్లో గోధుమలు ఉడకబెట్టి, అక్రోట్లు, చక్కెర కలిపి సమాధుల దగ్గరికి పట్టుకెళ్తున్నారు. మా స్టవ్ వెలగలేదు. మావయ్య పోయిన పన్నెండేళ్లలో ఆయనకి గోధుమలు అందకపోవడం ఇదే మొదలు. "ఈ ఇంట్లో అవి ఉడికితే నా బిడ్డకి అరిష్టం" అంది అత్తయ్య. పక్కింటావిడ గిన్నెతో వస్తే తలుపు కూడా తియ్యలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. "మీరు ఆయన్ని బతికించడం లేదత్తయ్యా, చలిలో నిలబెట్టేశారు" అన్నాను.

ఆవిడ ఏడవలేదు. అల్లిక సూదులు తీసుకుంది. "చలైతే మేజోళ్లు కావాలిగా" అంది.

నేను బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

నవంబర్ 7

ఇబర్ వెళ్లి కలిసే మొరావా నదిలో ఇసుక తీసేవాళ్లకి ఒక బూటు దొరికింది. పోలీసులు పిలిచారు. అలాంటి బూట్లు ఊళ్లో వెయ్యి మందికి ఉంటాయి అన్నాను. అన్నది నేనే.

అత్తయ్య బూటులో చెయ్యి పెట్టి తడి మేజోడు బయటికి లాగింది. మడమ దగ్గర వేలితో తడిమింది. "నాదే" అంది. "ఈ మడమ కుదరక రెండుసార్లు విప్పి అల్లాను."

పోలీసు ఆవిడకి కుర్చీ వేశాడు. కూర్చోలేదు.

నవంబర్ 9

అత్తయ్య అల్లిక సూదులు పెట్టెలో పెట్టేసింది.

నవంబర్ 10

నేను లేచేసరికి అత్తయ్య గోధుమలు కడుగుతోంది. ఏడు నీళ్లు పోసింది. తర్వాత చెయ్యి తుడుచుకుని, "చీటీ నీ దగ్గరుంది కదా, ఇలా తే" అంది. ఆవిడకి ఎలా తెలుసో అడగలేదు. తనే రాసింది. మావయ్య పేరు ముందు, కింద విదోయె. ఆ రెండో పేరుకి పావుగంట పట్టింది.

నవంబర్ 11, శనివారం

ఫాదర్ పేరు చదివారు. అత్తయ్య వంగి, కింద ఇసుకలో కొవ్వొత్తి గుచ్చింది.

నా వంతు వచ్చింది. నడుం వంగలేదు. చెయ్యి దానంతటదే పై అరకి పోయింది. ఇన్నాళ్లూ ఆవిడతో పోట్లాడిన నేను, బతికున్నవాళ్ల మధ్య ఆయన కొవ్వొత్తి పెట్టి నిలబడ్డాను.

తీయబోతే అత్తయ్య నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీవే స్టానా," అంది. "ఇవాళ్టికి ఉండనీ."