నల్ల పెయింట్‌లో తెల్ల నూగు

ఆదివారం రాత్రి, రాజపాళయం, 1958

నాన్న పాత కారుకు మళ్లీ క్రీమ్ రంగే వేద్దామని కమల అంది. నేనే నలుపు కావాలని పట్టుబట్టాను. అడుగుపూతగా వేసిన రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ బాగానే ఆరింది. ఈ పొద్దున దానిమీద నలుపు పూస్తే బానెట్ నిండా తెల్లటి నూగు తేలింది.

కమల వసారాలో దిండ్లకు దూది ఏకుతోంది. పెళ్లామని కూడా చూడకుండా, పక్కింటివాళ్లు వింటుండగా, "నీ దూదే నా కారును పాడు చేసింది!" అని అరిచాను. ఆమె దూదంతా మూటగట్టి లోపలికి తీసుకుపోయింది.

సాయంత్రం, ముందే విప్పి గదిలో తాళం వేసి పెట్టిన కారు తలుపులు చూశాను. వాటి ప్రైమర్‌కూ అదే నూగు. ఉప్పుకాగితం రుద్దాక దుమ్ము తుడిచింది నేను, మా మిల్లు నుంచి తెచ్చిన, గాయాలకు చుట్టే కట్టుగుడ్డతో. రోజూ ఆ గుడ్డ మధ్యనే బతుకుతున్నాను, అది నూగు రాలుస్తుందని నాకు తెలియదా?

అన్నం పెడుతూ కమల మెల్లగా అడిగింది.

"ఇంకా తలుపులు మిగిలినాయి కదా. రేపు నేను చోళపురం పోయి మా అమ్మ ఇంట్లో దూది ఏకుకోనా?"

నిజం చెప్పేద్దామనే నోరు తెరిచాను.

"సరే, పో" అన్నాను.