దొర సమాధి మీద నీ సున్నం

నాయినా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి సమాధుల పండుగ ఇది. మన మిర్యాలగూడ చర్చి వెనక ఉన్న దొర సమాధికి ఈసారి సున్నం వేయలేదు. ఉన్నది కూడా గీకేశాను.

పోయిన వారం పాత కట్టడాలు చూసే సారు ఒకాయన హైదరాబాద్ నుంచి వచ్చాడు. ఇంగ్లీషువాళ్ల కాలం నాటి ఆ సమాధి రాయిని చూసి తల పట్టుకున్నాడు.

"ఎవరమ్మా దీన్ని గిట్ల ఖరాబు చేసింది?"

"మా నాయిన సార్. ఏటా పండుగకు ముందు సున్నం ఏసెటోడు. దొర సల్లగుండాలని."

సారు సున్నం పొరను గోటితో గీకి చూశాడు. "జర నీళ్లు పోస్కుంట మెల్లగ గీకమ్మా" అని చెక్క బద్ద ఒకటి నా చేతికిచ్చాడు.

మూడు రోజులు గీకాను. పొర కింద పొర, అన్నీ నువ్వు వేసినవే. రెక్కలు పడిపోయాయి. చివరికి అక్షరాలు తేలితే సారు వంగి చదివాడు. దొర కాదట నాయినా. నాలుగేళ్ల ఆడపిల్లట. ఇన్నేళ్లూ నువ్వు చెప్పులు విడిచి, తలగుడ్డ తీసి దండం పెట్టింది ఆ పిల్లకే.

రాయి ఇప్పుడు నల్లగా ఉంది. అందరూ బాగుందంటున్నారు. నాకు మాత్రం ఒంటి మీద గుడ్డ లేని పిల్లలా కనిపిస్తోంది.

"మొత్తం అయినట్టేనా?" అని పోతూ పోతూ సారు అడిగాడు.

"అయింది సార్" అన్నాను.

సమాధికి గోడ వైపున, కింద, నీ సున్నం కుంచె గీతలు ఇంకా ఉన్నాయి. అక్కడ గీకడానికి నాకు చెయ్యి రాలేదు.