సైలెన్సర్ లోపలి రేకులు

యాకూబూ,

పప్పు వేడి చేసుకొని తిను. కారు బయటికి తీయవద్దు.

నీ కారు సైలెన్సర్ లోపలి రేకులు కట్టెల చాటున దొరికాయి. వాటిని కోసేసి పందెంలో నడపకూడదన్న నియమం నీకు తెలుసు. ఆదివారం నువ్వు వాటిని కోసేశావని ఖయ్యూం ఫిర్యాదు చేసినప్పుడు పెద్దలు నన్నే సాక్ష్యం అడిగారు. "టీచరమ్మా, నువ్వు కండ్లార జూసినవా? గదొక్కటి జెప్పు" అన్నాడు ఖయ్యూం. చూడకుండానే, రేకులు సైలెన్సర్‌లోనే ఉండగా చూశానన్నాను. నా మాట నమ్మి నీకు కప్పు ఇచ్చారు, అతణ్ణి అబద్ధాలకోరని పందేల నుంచి తీసేశారు. సిగ్గుతో రాస్తున్నాను.

రేకులూ కప్పూ సంచిలో పెట్టుకొని ఎల్లారెడ్డి బస్సెక్కుతున్నాను. ముందు ఖయ్యూంకు, తరువాత పెద్దలకు నిజం చెబుతాను.

నానమ్మ

నీ సంగతి వచ్చాక చూస్తాను. ఈ రోజు గోడకుర్చీ వేయవలసింది నేను.