జొన్నచేనులో తూనీగ కన్ను

ఆలంపూర్

బాపూ, నీ ఫోను కలవడం లేదని కార్డు రాస్తున్నాను. నన్ను చేనులో పట్టుకున్నారని లింగస్వామి మామ నీకు చెప్పింది నిజమే, కానీ ఫికరు పడకు, నేను బాగున్నాను.

ఫోనుకు లెన్సు తగిలించి తీస్తున్న పురుగుల ఫోటోలన్నీ మసకగానే వస్తుంటే ఇక మానేద్దామనుకున్నాను. పొద్దున చలికి పురుగులు కదలవని విని, ఆఖరుసారి చూద్దామని ఒక జొన్నచేను గట్టున బోర్లా పడుకున్నాను. ఆ చేను ఆసామి ఎల్లస్వామి వచ్చి ఫోను లాక్కున్నాడు.

"ఎవరు పంపిన్రు నిన్ను? మా జాగ కొలుస్తున్నవా?"

"లేదు కాకా, గీ తూనీగ ఫోటో తీస్తున్న."

"పురుగు కోసం మంచుల పండుకుంటరా ఎవరన్న? ఏదీ, నా ముంగట తియ్యి!" అని ఫోను తిరిగి నా చేతిలో పెట్టాడు.

మోచేతులు నేలకు ఆనించి ఊపిరి బిగబట్టాను. గాలికి తూనీగ వాలిన ఆకు ఊగుతూనే ఉంది. ఆయనే విసుక్కుంటూ భుజం మీది తువ్వాల తీసి గాలికి అడ్డం పట్టాడు. బాపూ, ఈసారి ఫోటోలో తూనీగ కంటి మీది మంచుచుక్కలు కూడా విడివిడిగా వచ్చాయి!

"మంచిగనే ఉంది. అయినా నిన్ను నమ్మ. రేపు గూడ నేనుంట" అన్నాడు. అప్పటినుంచి రోజూ వస్తున్నాడు, తువ్వాల పడుతున్నాడు.

నా చొక్కాలు మోచేతుల దగ్గర చినిగాయి, నీ పాత మందపు అంగీ పంపు. నల్లమేక ఈనిందా? అవ్వ మోకాలు ఎట్లా ఉంది?

గట్టు మీద కూర్చుని ఇది రాస్తుంటే ఎల్లస్వామి కాక వచ్చి, "నా పేరెందుకు రాస్తున్నవ్? చదువు" అన్నాడు. మొత్తం చదివించుకుని, "సరే, మీ బాపుకు నా దండం గూడ రాయి" అన్నాడు. రాశాను.

నీ బిడ్డ
వర్షిత