అభిచారమంటే

సెప్టెంబర్ 1, ఆదివారం

చర్చిలో గలతీ పత్రిక ఐదో అధ్యాయం. అందులో పాపాల వరసలో ఉన్న అభిచారమంటే ఏందని స్టీఫెన్ అయ్యగారు అడిగాడు. ఎవరికీ తెలియదు. పోయిన నెలే వచ్చిన పాస్టర్, హైదరాబాద్‌లో చదివాడు. గ్రీకులో ఫార్మకేయా అట. మనోళ్లు తిండిల కలిపి మందు పెట్టుడు అంటరు సూడు, గదే అన్నాడు. అందరికీ అర్థమైంది. నవ్వారు. తర్వాత ఇద్దరు ముగ్గురు వెనక్కి తిరిగి మా అత్తను చూశారు.

అత్త మగ్దలేనమ్మ కామెర్లకు పసరు పోస్తుంది. నేల ఉసిరాకు నూరి, మేకపాలలో కలిపి. ఊళ్లో సగం మంది ఆమె చేతి పసరు తాగినవాళ్లే.

సెప్టెంబర్ 3

పసరుకు ఎవరూ రాలేదు. నూరిన ముద్దను అత్త సాయంత్రం దాకా పారేయలేదు.

సెప్టెంబర్ 5

పక్కింటి యాదవ్వ కొడుకు కైలాసం పడిపోయాడు. కళ్లు పసుపుముద్దలు. కరీంనగర్ తీసుకుపోయారు, ఐసీయూ. పోయిన వారం అత్త దగ్గర పసరు తాగాడు.

బోరింగు దగ్గర యాదవ్వ చెల్లెలు లింగవ్వ నాకు వినబడేలా అంది. పోరనికి ఏమన్నయితే ముసల్దాని పండ్లు రాలగొడుతరట.

మా తల్లిగారి ఊళ్లో ఒకామెకు, మందు పెట్టిందని, నిజంగానే అట్లా చేశారు. ఆ నోరు నేను చిన్నప్పుడు చూశాను.

సెప్టెంబర్ 6

అయ్యగారి ఇంటికి పోయి చెప్పాను. అక్కా, నేను మీ అత్తమ్మను అనలే, గా మాటకు ఉత్త మందు అని గూడ అర్థముంది, మెడికల్ షాపు మీద ఫార్మసీ అని రాసుంటది సూడు, అది గీ మాటలకెళ్లే వచ్చింది, ఆదివారం అందరికి సమజ్ చేస్త అన్నాడు.

సెప్టెంబర్ 8, ఆదివారం

సమజ్ చేశాడు. మందుకైనా, చేతబడికైనా గ్రీకులో అదే మాట అట. లింగవ్వ లేచి, అయితే అయ్యగారు, తాగేటోళ్లకు ఏది మందో ఏది చేతబడో ఎట్ల తెలుస్తది అని అడిగింది. ఆయన బైబిల్ మూసి, ప్రార్థన చేసుకుందం అన్నాడు.

అత్త చుట్టూ చాప ఖాళీ.

మా ఆయన బెల్లంపల్లి నుంచి ఫోన్ చేశాడు. సెలవు దొరకలే, తలుపులు ఏసుకోండ్రి, మా అవ్వను బయటికి పంపకు అన్నాడు.

సెప్టెంబర్ 9

పగలే గడియ పెట్టుకున్నాం. కైలాసం బతకాలని అత్త మోకాళ్ల మీద ప్రార్థించింది. నేనూ ప్రార్థించాను. వాడి కోసం కాదు.

తర్వాత అత్త చాయ్ పెట్టి ఇచ్చింది. గ్లాసులో ఏదో ఆకు తునక తేలింది. చాయపత్తే కావచ్చు. పెరట్లో పారబోశాను.

సెప్టెంబర్ 12

కైలాసం లేచి కూర్చున్నాడు. జావ తాగాడట. యాదవ్వ అత్తకే ఫోన్ చేసి ఏడ్చింది. లింగవ్వ ఇంటికి వచ్చింది. మనసుల పెట్టుకోకు అవ్వా, భయంల ఏదో అన్న అంది. అత్త ఇచ్చిన మంచినీళ్లు మాత్రం ముట్టలేదు.

సెప్టెంబర్ 13

పొద్దున అత్త చాయ్ తెచ్చింది. ముందు తను ఒక గుక్క తాగి, అప్పుడు గ్లాసు నా చేతికిచ్చింది.